చిలీలో సైన్యం గద్దె దిగిన కథ: తరచుగా అడిగే ప్రశ్నలు

చిలీ అనగానే తెలుగు పాఠకులకు ముందుగా గుర్తొచ్చే పేరు కవి నెరూడా. సైన్యం అధికారం చేజిక్కించుకున్న పన్నెండు రోజులకే, 1973 సెప్టెంబరు 23న ఆయన కన్నుమూశారు. ఆ కుట్ర గురించి మన దగ్గర చాలామందికి ఎంతో కొంత తెలుసు. పదిహేడేళ్ల తర్వాత అదే సైన్యం ఎలా దిగిపోయిందన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం నన్ను ప్రతిసారీ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. విడివిడిగా జవాబులు చెప్పీ చెప్పీ, చివరికి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవనక్కరలేదు. మీ సందేహం ఎక్కడుంటే అక్కడే మొదలుపెట్టవచ్చు.

## ఓటు దాకా

ఎన్నికలు సజావుగా జరిగే దేశంలో సైన్యం అధికారంలోకి ఎలా రాగలిగింది?

సోషలిస్టు నాయకుడు సాల్వదోర్ అలెండీ 1970లో 36.6 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచి, పార్లమెంటు ఆమోదంతో అధ్యక్షుడయ్యారు. మూడింట ఒక వంతు బలంతో పెద్ద పెద్ద మార్పులకు పూనుకున్నారు. రాగి గనులను జాతీయం చేశారు, భూములు పంచారు. ధరలు మండిపోయాయి, సరుకులు దొరకలేదు, లారీల యజమానులు సమ్మెకు దిగారు. అమెరికా గూఢచారి సంస్థ ఆయన ప్రత్యర్థులకు డబ్బు పంపింది. 1973 సెప్టెంబరు 11న వైమానిక దళం లా మొనేదా అధ్యక్ష భవనం మీద బాంబులు వేసింది. అలెండీ లోపలే ప్రాణం తీసుకున్నారు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, పోలీసు దళాల అధిపతులు నలుగురూ కలిసి జుంటాగా, అంటే సైనిక పాలక మండలిగా ఏర్పడ్డారు. వారిలో సైన్యాధిపతి అగస్టో పినోచెట్ కొద్ది కాలంలోనే మిగతా ముగ్గురిని మించిపోయాడు. మూడు వారాల ముందు అతన్ని ఆ పదవిలో కూర్చోబెట్టింది అలెండీయే.

పదిహేడేళ్లు జనం ఎందుకు ఊరుకున్నారు? భయం ఒక్కటే కారణమా?

ఊరుకున్నారన్నది సగం నిజమే. మొదటి పదేళ్లలో భయానిదే పైచేయి. రహస్య పోలీసులు ఇంటికి వచ్చి మనిషిని తీసుకుపోతే, ఆ తర్వాత ఏ స్టేషనుకు వెళ్లి అడిగినా అలాంటి మనిషి తమ దగ్గర లేడనేవారు. 1982లో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి జాతీయ ఉత్పత్తి 14 శాతం దాకా పడిపోవడంతో ఆ భయం పలచబడింది. 1983 మే 11న రాగి గని కార్మికుల సంఘం పిలుపు మీద మొదటి నిరసన దినం జరిగింది. రాత్రి అయ్యేసరికి జనం కిటికీల దగ్గర నిలబడి ఖాళీ గిన్నెలను గరిటెలతో మోగించారు. చీకట్లో ఏ ఇంట్లో మోగుతోందో పోలీసులు పోల్చుకోలేరు. పక్కింటి గిన్నె విన్నవాళ్లకు మాత్రం తాము ఒంటరివాళ్లం కాదని తెలిసిపోతుంది. విచిత్రం ఏమిటంటే, గిన్నెల మోతను మొదట వాడింది 1971లో అలెండీని వ్యతిరేకించిన మహిళలు.

తన పదవికే ఎసరు తెచ్చే ప్రజాభిప్రాయ సేకరణను పినోచెట్ తానే ఎందుకు పెట్టాడు?

గెలుస్తానన్న ధీమాతో. 1980లో కొత్త రాజ్యాంగం రాయించి, దాని మీద ఓటింగు జరిపి, 67 శాతం మంది ఒప్పుకున్నారని ప్రకటించుకున్నాడు. అప్పుడు ఓటర్ల జాబితా అనేదే లేదు, కాబట్టి ఆ అంకె ఎంత నమ్మదగినదో మీరే ఊహించుకోవచ్చు. ఆ రాజ్యాంగం ప్రకారం అతనికి 1981 నుంచి ఎనిమిదేళ్ల పదవీకాలం. తర్వాత జుంటా ఒకే ఒక్క పేరును ప్రజల ముందు పెడుతుంది. ప్రజలు అవును అంటే ఆ మనిషికి మరో ఎనిమిదేళ్లు, కాదంటే ఏడాది తర్వాత పోటీ ఎన్నికలు. జుంటాలో కొందరు పౌరుడెవరినైనా నిలబెడదామని చూశారు, కానీ 1988 ఆగస్టు 30న ప్రకటించిన పేరు పినోచెట్‌దే. చట్టం తన చేతిలో ఉందని నమ్మినవాడు ఆ చట్టానికే దొరికిపోయాడు.

## 1988 అక్టోబరు 5

నియంత పెట్టిన ఓటింగులో పాల్గొంటే అతన్ని ఒప్పుకున్నట్టే కదా? బహిష్కరించి ఉండాల్సింది కాదా?

ప్రతిపక్షం దీని మీద ఏళ్ల తరబడి కొట్లాడుకుంది. ఆయుధాల దారి పట్టినవాళ్లు 1986 సెప్టెంబరులో పినోచెట్ వాహనాల మీద మెరుపుదాడి చేశారు. ఐదుగురు అంగరక్షకులు చనిపోయారు గాని అతను బయటపడ్డాడు, అణచివేత ఇంకా పెరిగింది. మరోవైపు నిరసన దినాలూ జనాన్ని అలసిపోయేలా చేశాయి. మిగిలింది ఓటు దారి. 1988 ఫిబ్రవరిలో క్రిస్టియన్ డెమోక్రాట్లు, సోషలిస్టులు సహా పదికి పైగా పార్టీలు 'కాదు' కోసం ఒక్కటయ్యాయి. ఆ కూటమి పేరు కొన్సెర్తాసియోన్. వీరిలో కొందరు 1973లో ఒకరినొకరు శత్రువులుగా చూసినవాళ్లే. కమ్యూనిస్టులు మొదట దూరంగా ఉండి, చివరికి వాళ్లూ 'కాదు'కే వేయమన్నారు. నన్నడిగితే, వాళ్లు ఓటేసింది పినోచెట్ రాజ్యాంగాన్ని ఒప్పుకుని కాదు. తాళం వాడిదే అయినా తలుపు తీసుకోవాలనుకున్నారు. ఆ తలుపు వెనక ఇంకెన్ని తాళాలున్నాయో తర్వాత తెలిసొచ్చింది.

బ్యాలెట్ పత్రం మీద ఏముండేది?

ఒకే పేరు, అగస్టో పినోచెట్ ఉగార్తే. దాని కింద రెండు అడ్డగీతలు, ఒకదాని దగ్గర 'సీ' అంటే అవును, రెండోదాని దగ్గర 'నో' అంటే కాదు. తమకు నచ్చినదాని మీద పెన్సిల్‌తో నిలువు గీత గీయాలి. 'కాదు' వైపు గీసిన గీతతో అక్కడ ఒక ప్లస్ గుర్తు తయారవుతుంది. ప్రచారంలో ఈ గీతనూ వాడుకున్నారు, ఓటర్లకు ఎలా గీయాలో నేర్పుతూ.

టీవీ ప్రకటనలే గెలిపించాయని అంటారు. నిజమేనా?

సగం. ప్రభుత్వం 27 రాత్రులపాటు ఒక్కో పక్షానికి పదిహేను నిమిషాలు ఇచ్చింది, అదీ రాత్రి బాగా పొద్దుపోయాక. జనం మేలుకుని మరీ చూశారు. 'కాదు' పక్షం కన్నీళ్లకంటే నవ్వును ఎక్కువగా నమ్ముకుంది. ఇంద్రధనస్సు గుర్తు, 'చిలీ, సంతోషం వచ్చేస్తోంది' అనే పాట. బాధితుల కుటుంబాల్లో కొందరికి ఇది శీతల పానీయం ప్రకటనలా తోచి మనసు కష్టపడింది. ఆ కోపంలో న్యాయం ఉంది.

అయితే ఆ పదిహేను నిమిషాల్లోనే మరో దృశ్యం కూడా వచ్చింది. చిలీ జాతీయ నృత్యం క్వేకా. ఆడ, మగ ఎదురెదురుగా చేతిరుమాళ్లు తిప్పుతూ ఆడే జంట నాట్యం. మాయమైనవారి భార్యలు, తల్లులు 1978 నుంచి దాన్ని ఒంటరిగా ఆడుతూ వచ్చారు. రుమాలు తిరుగుతుంది, అడుగులు తాళంలో పడతాయి, ఎదుట మాత్రం ఎవరూ ఉండరు. ఇంతకాలం ఆ మాట ఎత్తని టీవీలో మొదటిసారి దాన్ని చూసిన లక్షలాది ఇళ్లకు వేరే వివరణ అక్కరలేకపోయింది.

ఇక మిగతా సగం తెర మీద కనపడనిది. ఇంటింటికీ తిరిగి జనాన్ని ఓటర్లుగా నమోదు చేయించడం. సైన్యం పాత జాబితాలను నాశనం చేసింది, 1987 ఫిబ్రవరిలో కొత్తవి తెరిచారు. ఓటింగు నాటికి 74 లక్షల మంది నమోదయ్యారు, వారిలో 97 శాతం మంది ఓటేశారు. టీవీ ఎంత బాగున్నా జాబితాలో పేరు లేనివాడు ఓటు వేయలేడు.

సైన్యం చేతిలోనే అంతా ఉన్నప్పుడు రిగ్గింగ్ ఎందుకు జరగలేదు?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మొదటిది లెక్కింపు పద్ధతి. చిలీలో పెట్టెలను వేరే కేంద్రానికి తరలించరు. ఓటు వేసిన బల్ల దగ్గరే, పోలింగ్ ముగియగానే, అందరి ముందూ లెక్కిస్తారు. పోలింగ్ సిబ్బంది సామాన్య పౌరులే. వారిలో ఒకరు మడత విప్పి, పత్రాన్ని పైకెత్తి చూపించి 'కాదు', 'అవును' అని గట్టిగా చదువుతారు. చుట్టూ ఏజెంట్లు నిలబడి కాగితాల మీద గీతలు పెట్టుకుంటూ ఉంటారు. ఆ రోజు దేశమంతా అలాంటి బల్లలు సుమారు 22 వేలు.

రెండోది, చట్టబద్ధంగా నమోదైన పార్టీలకే ఏజెంట్లను పెట్టే హక్కు ఉంది. సోషలిస్టులు నిషేధంలో ఉన్నారు. అందుకని రికార్దో లాగోస్ 1987 డిసెంబరులో కేవలం ఈ పని కోసమే కొత్త పార్టీ ఒకటి స్థాపించారు. దానికోసం వేలాది మంది తమ పేరు, చిరునామా రాసి సంతకం పెట్టారు. నియంత పాలనలో తాను ప్రతిపక్షమని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడం చిన్న ధైర్యం కాదు. ఏజెంట్లు పంపిన అంకెలను 'కాదు' పక్షం తన సొంత కంప్యూటర్లలో కూడుకుంటూ పోయింది.

మూడోది ఆ రాత్రి జరిగింది. హోంశాఖ మొదటి ప్రకటనలో కొద్ది బల్లల లెక్క చెప్పి 'అవును' ముందుందంది. ఆ తర్వాత గంటల తరబడి కదలిక లేదు. అప్పటికి ప్రతిపక్షం చేతిలో అసలు లెక్క ఉంది. ప్రభుత్వాన్ని సమర్థించే నాయకుడు, మాజీ హోంమంత్రి సెర్హియో ఒనోఫ్రే హార్పా టీవీలో 'కాదు' గెలుపును ఒప్పుకున్నారు. అర్ధరాత్రి దాటాక జుంటా సభ్యులను లా మొనేదాకు పిలిచారు. వైమానిక దళాధిపతి ఫెర్నాందో మత్తేయ్ లోపలికి వెళ్తూ, గుమ్మం దగ్గర కాచుకున్న విలేకరులతో 'కాదు' గెలిచినట్టు తనకు స్పష్టంగానే ఉందని చెప్పేసి నడుచుకుంటూ వెళ్లిపోయారు. అధిపతి నోటినుంచి మాట బయటపడ్డాక ఇక దాచడానికి ఏముంది? లోపల పినోచెట్ ప్రత్యేక అధికారాలు కోరుతూ ఒక పత్రం ముందుంచాడనీ, తాను సంతకం పెట్టనన్నాననీ మత్తేయ్ తర్వాత చెప్పారు.

అమెరికా కూడా అప్పటికి పాత మిత్రుడి పక్కన లేదు. ఓటింగును చెడగొట్టవద్దని ముందే హెచ్చరించింది. అయినా మొదటి మూడూ లేకపోతే ఆ హెచ్చరిక ఒక్కటీ నిలబడేది కాదని నా అభిప్రాయం.

44 శాతం మంది నియంతకు ఓటేశారా! ఎలా?

అవును, 56 శాతం కాదంటే 44 శాతం అవునన్నారు. 31 లక్షల ఓట్లు. కొందరికి అలెండీ కాలపు క్యూలు, కొరత గుర్తున్నాయి. కొందరికి 1985 తర్వాత కోలుకున్న వ్యాపారం ముఖ్యం. కొందరికి కమ్యూనిజం అంటే భయం, మరికొందరికి సైన్యం అంటే గౌరవం. మనకు ఇదేమీ వింత కాకూడదు. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తర భారతం కాంగ్రెస్‌ను తుడిచిపెడితే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ తరఫున గెలిచారు. ఒకే పాలన దేశంలో అందరికీ ఒకేలా అనుభవానికి రాదు.

## ఓడిన తర్వాత, దిగే ముందు

ఓడిపోయాక కూడా పదిహేడు నెలలు కుర్చీలో ఎలా ఉన్నాడు?

తాను రాయించిన రాజ్యాంగంలోనే ఆ గడువు ఉంది. 1988 అక్టోబరులో ఓటింగు, 1989 డిసెంబరులో ఎన్నిక, 1990 మార్చి 11న అధికార మార్పిడి. ఇల్లు ఖాళీ చేసే అద్దెదారు వెళ్లేముందు మేకులు కొట్టినట్టు, ఈలోగా సైనిక ప్రభుత్వం ఒకదాని తర్వాత ఒకటిగా చట్టాలు చేసుకుంది. కొత్త అధ్యక్షుడు సేనాధిపతులను తొలగించకుండా కట్టుదిట్టం చేసింది. ప్రతిపక్షం మాత్రం ఆ కాలాన్ని బేరసారాలకు వాడుకుంది. 1989 జూలై 30న 54 రాజ్యాంగ సవరణల మీద ఓటింగు జరిగి, 85 శాతానికి పైగా ఆమోదం వచ్చింది. మార్క్సిస్టు పార్టీల మీద నిషేధం పోయింది. ఎన్నికయ్యే సెనేటర్ల సంఖ్య 26 నుంచి 38కి పెరిగింది.

1989 ఎన్నికలో ఎవరు ఎవరి మీద గెలిచారు?

క్రిస్టియన్ డెమోక్రాట్ నాయకుడు పాత్రిసియో ఐల్విన్ 55 శాతం ఓట్లతో గెలిచారు. సైనిక ప్రభుత్వపు ఆర్థిక మంత్రి ఎర్నాన్ బూచికి 29 శాతం వచ్చాయి. (మన పిల్లలను భయపెట్టే బూచి కాదు, అక్కడ నిజంగానే ఇంటిపేరు.) మిగతావి వ్యాపారి ఎర్రాసురిస్‌కు. ఒక చిన్న మెలిక: 1973లో అలెండీని గట్టిగా వ్యతిరేకించిన పార్టీకి అప్పటి అధ్యక్షుడు ఐల్విన్.

30 శాతం ఓట్లు వచ్చిన అభ్యర్థి ఓడి, 17 శాతం వచ్చినాయన గెలవడం ఏమిటి?

సైనిక ప్రభుత్వం తెచ్చిన జంట స్థానాల పద్ధతి అది. ప్రతి నియోజకవర్గానికీ రెండు స్థానాలు. ఒక కూటమి రెండూ గెలవాలంటే, రెండో కూటమికి వచ్చిన మొత్తానికి రెట్టింపు కంటే ఎక్కువ తెచ్చుకోవాలి. లేకపోతే చెరొకటి. అంటే మూడో వంతు బలం ఉన్నవారికి సగం స్థానాలు. 1989లో పశ్చిమ శాంతియాగో సెనేట్ పోటీలో కొన్సెర్తాసియోన్ అభ్యర్థులు సాల్దీవర్, లాగోస్‌లకు చెరి 30 శాతం పైనే వచ్చాయి. అవతలి కూటమిలో ముందున్న హైమె గుస్మాన్‌కు 17 శాతమే. అయినా సాల్దీవర్, గుస్మాన్ గెలిచి లాగోస్ ఓడారు. 1980 రాజ్యాంగ రచనలో ముఖ్యుడు ఆ గుస్మానే. దానిపైన ఎన్నిక లేకుండా నియమితులైన తొమ్మిది మంది సెనేటర్లు. ఎన్నికైన 38 మందిలో కొన్సెర్తాసియోన్‌కు 22, అవతలివారికి 16. నియమితులు తొమ్మిది మంది అటు చేరితే 25. ప్రజలిచ్చిన మెజారిటీ సభలో అడుగుపెట్టగానే మైనారిటీ అయింది.

## 1990 తర్వాత

గెలిచాక పినోచెట్‌ను సైన్యాధిపతిగా ఎలా ఉండనిచ్చారు?

ఉండనివ్వలేదు, ఉన్నాడు. రాజ్యాంగం ప్రకారం 1998 మార్చి దాకా అతన్ని కదిలించే అధికారం అధ్యక్షుడికి లేదు. దిగాక నేరుగా జీవితకాల సెనేటర్ అయ్యాడు. 1990 మార్చి 12న జాతీయ స్టేడియంలో ఐల్విన్ మాట్లాడుతూ 'పౌరులూ సైనికులూ' అనగానే జనం ఈలలు వేశారు. 1973లో వేలాది మందిని బంధించింది ఆ స్టేడియంలోనే. ఐల్విన్ తగ్గలేదు. గొంతు పెంచి, అవును, పౌరులైనా సైనికులైనా చిలీ ఒక్కటే అన్నారు. ఆ ఈలలు వేసినవారిని నేను తప్పుపట్టలేను, ఆ మాట అన్న ఆయన్నీ తప్పుపట్టలేను.

సైన్యం మళ్లీ బెదిరించిందా?

కనీసం రెండుసార్లు. 1990 డిసెంబరులో సైన్యం ఉన్నట్టుండి సిపాయిలందరినీ బ్యారక్‌లలో సిద్ధంగా ఉంచింది. 1993 మే 28న, ఐల్విన్ విదేశీ పర్యటనలో ఉండగా, నల్ల టోపీల కమాండోలు పూర్తి యుద్ధ సన్నాహంతో లా మొనేదా ఎదుట ఉన్న సైనిక భవనం దగ్గర కనిపించారు. రెండుసార్లూ సైన్యం పైకి వేరే కారణాలే చెప్పింది. అసలు గొడవల్లో ముఖ్యమైనది పినోచెట్ కొడుకుకు సైన్యం ఇచ్చిన దాదాపు 30 లక్షల డాలర్ల చెక్కుల మీద విచారణ.

మాయమైనవారి సంగతి ఏమైంది?

ఐల్విన్ వచ్చిన నెలన్నరకే న్యాయవాది రౌల్ రెత్తిగ్ అధ్యక్షతన సత్యశోధన కమిషన్ వేశారు. 1991 నివేదికలో మృతులు, మాయమైనవారు 2,279 మంది. తర్వాతి విచారణలతో ఆ సంఖ్య 3,000 దాటింది. ఐల్విన్ టీవీలో రాజ్యం తరఫున క్షమాపణ అడిగారు, గొంతు పూడుకుపోయింది. చిత్రహింసలు అనుభవించి బతికినవారి లెక్క 2004 దాకా తేలలేదు. రెండు విడతల్లో 38 వేలకు పైగా పేర్లు నమోదయ్యాయి.

శిక్షలకు అడ్డు 1978లో సైనిక ప్రభుత్వం తనకు తానే ఇచ్చుకున్న క్షమాభిక్ష. 1973 నుంచి 1978 మార్చి దాకా జరిగిన నేరాలకు అది వర్తిస్తుంది. దాన్ని రద్దు చేసే బలం సభలో లేదు. చివరికి న్యాయమూర్తులు దారి కనిపెట్టారు. శవం దొరకనంత వరకు అది హత్య కాదు, అపహరణ. అపహరణ విడుదలతోనో శవంతోనో ముగియాలి. రెండూ లేవంటే నేరం ఈ రోజుకీ జరుగుతూనే ఉంది, 1978 క్షమాభిక్ష దాన్ని తాకదు. శవాలను దాచినవాళ్లు ఆ దాచడం వల్లే చట్టానికి చిక్కారు.

పినోచెట్‌కు చివరికి శిక్ష పడిందా?

లేదు. 1998 అక్టోబరు 16న స్పెయిన్ న్యాయమూర్తి బల్తాసార్ గార్సోన్ వారంటు మీద లండన్‌లో, వెన్ను శస్త్రచికిత్స చేయించుకున్న ఆసుపత్రిలోనే అరెస్టయ్యాడు. 503 రోజులు నిర్బంధంలో ఉన్నాక, ఆరోగ్యం బాగాలేదని బ్రిటన్ వదిలేసింది. 2000 మార్చి 3న శాంతియాగో విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో దించారు. నేల మీదికి రాగానే లేచి నిలబడి, చేతికర్రతో నడిచి, స్వాగతం చెప్పడానికి వచ్చిన సైన్యాధిపతిని కౌగిలించుకున్నాడు. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత చిలీ కోర్టులు విచారణ నుంచి అతనికున్న చట్టపరమైన రక్షణ తొలగించి కేసులు నడిపాయి. 2004లో అమెరికాలోని రిగ్స్ బ్యాంకులో అతని రహస్య ఖాతాలు బయటపడ్డాక, కనీసం దొంగ కాదని చెప్పుకునే అభిమానులకూ నోరు పడిపోయింది. తీర్పు రాకుండానే 2006 డిసెంబరు 10న చనిపోయాడు. ఆ తేదీ అంతర్జాతీయ మానవ హక్కుల దినం.

మార్పు ఏ సంవత్సరంతో పూర్తయినట్టు?

ఏ మేకు ఊడినప్పటి నుంచి లెక్కపెడతారన్నదాన్ని బట్టి. నియమిత సెనేటర్లు, సేనాధిపతులను తొలగించలేకపోవడం 2005 సవరణలతో పోయాయి. జంట స్థానాల పద్ధతి 2015లో రద్దయింది. 2019 అక్టోబరులో మెట్రో చార్జీల పెంపుతో రాజుకున్న నిరసనలు రాజ్యాంగం దాకా వెళ్లాయి. 2020లో 78 శాతం మంది కొత్త రాజ్యాంగం కావాలన్నారు. వామపక్షం రాసిన ముసాయిదాను 2022లో 62 శాతం, మితవాదులు రాసినదాన్ని 2023లో దాదాపు 56 శాతం మంది తిరస్కరించారు. కాబట్టి ఎన్నో సవరణలతో గుర్తుపట్టలేనంత మారినా, 1980 నాటి రాజ్యాంగమే నేటికీ నడుస్తోంది.

రెండు వైపులవారూ ఇప్పుడు ఎలా కలిసి బతుకుతున్నారు?

ఒక ఉదాహరణ చెబుతాను. వైమానిక దళంలో అల్బెర్తో బాచెలెట్, ఫెర్నాందో మత్తేయ్ స్నేహితులు. పిల్లలు ఒకే స్థావరంలో పెరిగారు. 1973 తర్వాత బాచెలెట్‌ను తోటి అధికారులే చిత్రహింసలు పెట్టారు, 1974లో జైల్లో చనిపోయారు. ఆయన భార్యను, కూతురు మిషెల్‌ను కూడా నిర్బంధించారు. మత్తేయ్ జుంటా సభ్యుడయ్యారు. మిషెల్ బాచెలెట్ 2002లో రక్షణ మంత్రిగా అదే సైన్యాలకు బాధ్యత తీసుకున్నారు, 2006లో అధ్యక్షురాలయ్యారు. 2013 అధ్యక్ష ఎన్నికలో ఆమె ప్రత్యర్థి ఎవలిన్ మత్తేయ్, ఆ ఫెర్నాందో కూతురే. బాచెలెట్ గెలిచారు.

మాయమైనవారి కోసం ఇంకా వెతుకుతున్నారా?

వెతుకుతున్నారు. 2023 ఆగస్టులో ప్రభుత్వం జాతీయ అన్వేషణ ప్రణాళిక ప్రకటించింది. దాని లెక్క ప్రకారం బలవంతంగా మాయం చేసినవారు 1,469 మంది. అప్పటికి అవశేషాలు దొరికి, ఎవరివో గుర్తించగలిగింది 307 మందివి. అంతకుముందు యాభై ఏళ్లు ఆ వెతుకులాట బరువంతా కుటుంబాల మీదే ఉంది. ఉత్తరాన కలామా ఊరి మహిళలు చేతిపారలతో అటకామా ఎడారి ఇసుకను గజం గజం తవ్వుకుంటూ వెళ్లారు. 1990లో వారికి ఒక గొయ్యి దొరికింది. అందులో ఉన్నవి చిన్న చిన్న ఎముక ముక్కలే. శరీరాలను అప్పటికే యంత్రాలతో తవ్వి వేరేచోటికి తరలించేశారు.